కొలతల పుస్తకంలో తన పేజీ: ఒక టైలరక్క భుజం కేసు

"మోటివేషన్ రావట్లేదు మేడమ్" అనే మాట నా దగ్గరికి వచ్చే పేషెంట్లలో వారానికి నలుగురైదుగురు అంటారు. నేను ఫిజియోథెరపిస్టుని. సికింద్రాబాద్ వైపు పద్నాలుగేళ్ళుగా చిన్న క్లినిక్ నడుపుతున్నాను. మనస్తత్వశాస్త్రం నా చదువు కాదు, కానీ నా వైద్యంలో సగానికి పైగా క్లినిక్‌లో జరగదు. పేషెంటు ఇంట్లో, ఎవరూ చూడని టైములో, తనంతట తాను చేయి ఎత్తితేనో కాలు మడిస్తేనో జరుగుతుంది. కాబట్టి మనిషి ఒక పనిని రోజూ తనంతట తాను ఎలా చేస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు అనేది నాకు తప్పనిసరిగా పట్టే విషయం. ఈ కేసు ఆ విషయంలో నా ఆలోచనను మార్చింది, అందుకే వివరంగా రాస్తున్నాను. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

కేసు

వయసు 51. వారాసిగూడలో ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, ఇరవై ఏళ్ళకు పైగా అదే పని. భర్తది ఆటో, కొడుకు డెలివరీ పనికి వెళ్తాడు. షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. నేను అక్కా అంటాను, ఆమె నన్ను మేడమ్ అంటుంది.

గత ఏడాది ఫిబ్రవరిలో వచ్చేటప్పటికి కుడి భుజం నొప్పి మొదలై ఐదు నెలలయింది. ముందు రాత్రిళ్ళు నొప్పి, ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోవడం, తర్వాత మెల్లగా చేయి బిగుసుకుపోవడం. జడ వేసుకోలేదు, కొంగు భుజం మీదుగా వెనక్కి వేసుకోలేదు, అటక మీది డబ్బా అందదు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఈ జబ్బులో మామూలుగా ఏమీ కనబడదు కూడా. ఆర్థో డాక్టర్ ఫ్రోజెన్ షోల్డర్ అని రాసి నా దగ్గరికి పంపారు.

ఈ పేరు పెట్టింది ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్, 1934లో. భుజం కీలు చుట్టూ సంచిలా ఒక పొర ఉంటుంది, అది వాచి, మందమై, ముడుచుకుపోతుంది, దాంతో లోపలి ఎముక తిరగడానికి చోటు ఉండదు. ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళ మధ్య, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో వస్తుంది. మామూలు జనంలో నూటికి 2 నుంచి 5 మందికి వస్తే, షుగర్ ఉన్నవాళ్ళలో నూటికి పదిమందికి పైనే వస్తుంది. ముందు నొప్పి దశ, తర్వాత బిగుసుకునే దశ, ఆ తర్వాత మెల్లగా వదిలే దశ. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ళు పట్టొచ్చు. మనసు విరిగిపోవడానికి కారణం ఈ చివరి మాటే. రెండు వారాల్లో తగ్గే నొప్పికి ఎవరైనా కష్టపడతారు.

మొదటి రోజు కొలతలు ఇవి. చేయి ముందు నుంచి పైకి 95 డిగ్రీలు (మామూలుగా 180 దాకా వెళ్ళాలి), పక్క నుంచి పైకి 70, మోచేయి నడుముకి ఆనించి ముంజేతిని బయటికి తిప్పితే 15. చేయి వెనక్కి పెడితే బొటనవేలు పిర్ర దాటి పైకి రాలేదు. నొప్పి పదికి 7. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9.

పని సంగతి నేను అడిగితే గానీ చెప్పలేదు. మెషిన్ తొక్కడానికి ఇబ్బంది లేదు, చేతులు ఒంటికి దగ్గరగానే ఉంటాయి. బట్ట పరిచి కటింగ్ చేయడం, ఎదుటి మనిషి వీపు చుట్టూ టేపు తిప్పి కొలతలు తీయడం, ఇస్త్రీ, ఈ మూడూ కాలేదు. రోజుకు ఐదారు బ్లౌజులు కుట్టే మనిషి రోజుకు ఒకటికి, తర్వాత అదీ లేని స్థితికి వచ్చింది. మంచం కింద సంచిలో పద్నాలుగు బ్లౌజు పీసులు ఉన్నాయి, అవి ఇచ్చిన కస్టమర్ల ఫోన్లు ఎత్తడం మానేసింది. ఇంట్లో దీనికి పెట్టిన పేరు బద్ధకం. ఆమె కూడా ఆ పేరు ఒప్పేసుకుంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

ఇక్కడ ఒక మాట. పనిమీద ఆసక్తి పోయిందని ఎవరైనా చెబితే నేను రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను: గత రెండు వారాల్లో ఏ పనిమీదా ఇష్టం లేకుండా ఎన్ని రోజులున్నారు, దిగులుగా, ఆశ లేనట్టుగా ఎన్ని రోజులున్నారు అని. చాలా రోజులు అని జవాబు వస్తే అది డిప్రెషన్ కావచ్చు, దానికి వేరే వైద్యం ఉంది, టైమ్‌టేబుల్ వేసుకోమని చెప్పి పంపడం తప్పు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 నా క్లినిక్ గోడ మీద రాసి ఉంటుంది, ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అక్క విషయంలో దిగులు ఉంది కానీ ఆ స్థాయిలో లేదు. మనుషులొస్తే నవ్వుతుంది, తినడం బాగానే ఉంది, నిద్ర చెడింది నొప్పి వల్ల.

నేను చేసిన తప్పు

అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ ప్రింటు తీసిన కాగితం ఇచ్చాను. ఏడు ఎక్సర్‌సైజులు, రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి పదిహేను ఇరవై నిమిషాలు. వారానికి రెండుసార్లు క్లినిక్‌కి రమ్మన్నాను. మొదటి వారం బాగా చేశానని చెప్పింది. రెండో వారం కూడా చేశాననే చెప్పింది, కానీ కీలు కోణం కొలిచే గోనియోమీటర్ పెడితే అంకె కదల్లేదు. మూడో వారం నేను కాస్త గట్టిగానే అన్నాను, "మీరు చేయకపోతే నేనేం చేయగలను అక్కా, మీ చేయి మీకు కావాలి కదా" అని. ఆమె తల ఊపింది. ఆ తర్వాత పన్నెండు రోజులు రాలేదు.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. అది తెలియని మనిషి కాదు ఆమె. తన చేయి తనకు కావాలని ఆమెకు తెలిసినంత నాకు తెలుసా?

ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది. ఎందుకు రావట్లేదని అడగలేదు, ఎక్సర్‌సైజు చేసేటప్పుడు ఏమవుతుందో చెప్పమన్నాను. అప్పుడు చెప్పింది: "చెయ్యాలనే ఉంటది మేడమ్. లేపంగనే పానం పోయినట్టయితది. పోనీ ఓర్సుకొని చేస్తే ఏమన్న ఫరక్ కనిపిస్తదా అంటే లేదు. నిన్న ఎట్లుందో ఇయ్యాల గట్లనే ఉంది. మావోడు డ్యూటీకెల్లి రాంగనే 'చేసినవా అమ్మా' అంటడు, చేసిన అంటా. ఇగ మీరు గూడ గదే అడుగుతరు."

ఈ నాలుగు మాటల్లో మొత్తం కేసు ఉంది. మొదటిది, నొప్పి. పదికి 7 నొప్పి ఉన్న మనిషికి మోటివేషన్ గురించి చెప్పడం అన్యాయం, ముందు నొప్పి తగ్గించాలి. రెండోది, ఫలితం కనబడకపోవడం. ఈ జబ్బులో బాగా చేసినవాళ్ళకి కూడా వారానికి ఒకటి రెండు డిగ్రీలు వస్తే గొప్ప, అది ఒంటికి తెలియదు. ఆమె భుజం ఆ మూడు వారాల్లో 95 నుంచి 98కి వచ్చింది, ఆ సంగతి నా ఫైల్లో ఉంది, ఆమెకు చెప్పాలని కూడా నాకు తోచలేదు. మూడోది, చుట్టూ అందరూ అడిగేవాళ్ళే. చేశావా అని అడిగినప్పుడు చేయనివాళ్ళు చెప్పగలిగే జవాబు అబద్ధం ఒక్కటే, అబద్ధం చెప్పాక మళ్ళీ మొదలుపెట్టడం ఇంకా కష్టం.

నేను మళ్ళీ ఆర్థో డాక్టర్‌తో మాట్లాడాను. కీలులోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఆయన మొదటే చెప్పారు, అక్క భయపడి వద్దంది. ఈసారి కొడుకుని కూడా కూర్చోబెట్టి, ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజులు షుగర్ పెరుగుతుందనీ, రోజూ చూసుకోవాలనీ అర్థమయ్యేలా చెప్పాం. మార్చి నెలాఖరులో వేశారు. వారం పాటు షుగర్ పెరిగింది, తర్వాత దిగింది. రాత్రి నొప్పి 7 నుంచి 4కి వచ్చింది. ఆమె నిద్రపోయింది. షుగర్ డాక్టర్ మందులు కూడా మార్చారు. ఇదంతా జరగకపోయి ఉంటే కింద రాసిన ఏ ఉపాయమూ పనిచేసేది కాదని నా నమ్మకం.

గోడ మీద చాక్ గీత

ఇంటికి వెళ్ళాను. ఒకటిన్నర గది. కిటికీ పక్కన మోటారు పెట్టిన కుట్టుమెషిన్, దాని పక్కన జానెడు ఖాళీ గోడ, మంచం, బీరువా. మెషిన్ మీద పొడవాటి నోటుబుక్కు. తెరిచి చూస్తే కస్టమర్ల కొలతలు: భుజం, ఛాతీ, నడుము, చేయి పొడవు, చంక, ముందు మెడ, వెనక మెడ. ఇరవై ఏళ్ళ చేతిరాత, ఒక్కచోట కొట్టివేత లేదు.

"ఇందులో మీ కొలత ఉందా అక్కా?" అన్నాను.

"నాది నాకెందుకు మేడమ్" అని నవ్వింది.

నాకు అప్పుడు వెలిగింది. డిగ్రీలు ఆమెకు పట్టవు. 98 అంటే ఏమిటో, 101 అంటే ఏమిటో ఆమెకు అర్థం లేదు. పావు ఇంచు అంటే మాత్రం ప్రాణం. చంక దగ్గర పావు ఇంచు తక్కువైతే బ్లౌజు పట్టేస్తుందని, ఎక్కువైతే ముడత పడుతుందని ఆమెకు తెలుసు. కాబట్టి ఆ పుస్తకంలోనే కొత్త పేజీ తీసి పైన ఆమె పేరు రాయించాను. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో చీమలా పాకుతూ చేయి ఎంత పైకి వెళ్తుందో అక్కడ మార్కింగ్ చాక్‌తో గీత గీయమన్నాను. నేల నుంచి ఆ గీత దాకా ఆమే టేపుతో కొలిచింది. 54 ఇంచులు. తేదీ వేసింది.

తర్వాత ఏడు ఎక్సర్‌సైజుల కాగితం తీసేశాను. మూడే ఉంచాను: వంగి చేయి వేలాడేసి గడియారం లోలకంలా మెల్లగా ఊపడం, గోడ మీద వేళ్ళు పాకించడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని కుడి ముంజేతిని బయటికి తోయడం. కర్ర కొనక్కర్లేదు, కటింగ్‌కి వాడే చెక్క స్కేలు సరిపోయింది. ఒక్కో విడత నాలుగు నిమిషాలు. నొప్పి పదికి 4 దాటకూడదు, అరగంటలో తగ్గిపోవాలి, తగ్గకపోతే మర్నాడు తక్కువ చేయాలి.

ఈ నొప్పి హద్దు జాలితో పెట్టింది కాదు. 2004లో నెదర్లాండ్స్ డాక్టర్లు 77 మంది పేషెంట్ల మీద ప్రచురించిన పని ఉంది. కొందరికి నొప్పిని దాటి సాగదీసే గట్టి ఫిజియోథెరపీ, కొందరికి నొప్పి లోపలే చేసుకునే తేలిక కదలికలు. రెండేళ్ళ తర్వాత చూస్తే తేలికగా చేసినవాళ్ళలో 89 శాతం మంది భుజం బాగా పనిచేసే స్థాయికి వచ్చారు, గట్టిగా చేసినవాళ్ళలో 63 శాతమే. ఓర్చుకుని చేస్తేనే ఫలితం అనే నమ్మకం మన ఇళ్ళలో చాలా లోతుగా ఉంది. ఈ జబ్బులో అది చెరుపు చేస్తుంది, పైగా రేపు మళ్ళీ చేయాలన్న మనసును కూడా చంపేస్తుంది.

ఎప్పుడు చేయాలో నేను చెప్పలేదు, ఆమెనే ఎంచుకోమన్నాను. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1999లో రాసిన విషయం ఇది: చేస్తాను అని గట్టిగా అనుకోవడం కన్నా, ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేస్తాను అని ముందే ముడి వేసుకున్నవాళ్ళు ఎక్కువగా చేస్తారు. అక్క మొదట నల్లా నీళ్ళు ఎంచుకుంది, డ్రమ్ము నిండేలోపు చేయి ఊపుతానంది. మంచి ఆలోచన అనుకున్నాం ఇద్దరం. వారం తర్వాత చూస్తే సగం రోజులే చేసింది, ఎందుకంటే వాళ్ళ గల్లీలో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి! ముడి వేసే పని రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి, అంత చిన్న విషయం నాకూ తట్టలేదు. మార్చుకుంది. పొద్దున కుక్కర్ మొదటి విజిల్, మధ్యాహ్నం మెషిన్ మోటారు స్విచ్ వేసే ముందు, రాత్రి షుగర్ గోళీ వేసుకున్నాక.

కొడుకుతో విడిగా మాట్లాడాను. "నెల రోజులు చేశావా అని అడక్కు బాబూ. ఆదివారం పొద్దున మాత్రం అమ్మతో కలిసి టేపు పట్టు" అన్నాను. వాడు మంచి పిల్లవాడు, ప్రేమతోనే అడుగుతున్నాడు పాపం. రోజూ అడగడం మానేసి ఆదివారం టేపు కింద చివర నేలకి పట్టుకుని కూర్చునేవాడు.

రెండో వారం గీత 55 దగ్గరుంది. నాలుగో వారానికి 58 అయింది, నాకు అనుమానం వచ్చింది. క్లినిక్‌లో గోడ దగ్గర నిలబెట్టి చూస్తే భుజాన్ని చెవి దాకా ఎగరేస్తోంది, మడమలు కూడా కాస్త లేస్తున్నాయి. తప్పు పట్టలేదు, అద్దంలో చూపించాను. చూసి, "బట్టను లాగి కొలిచినట్టా మేడమ్?" అంది. నేను పదేళ్ళు చెప్పినా అంత చక్కగా చెప్పలేను. ఆ వారం ఆమే పుస్తకంలో 58 పక్కన గీత పెట్టి 56½ అని రాసుకుంది. ఆ పుస్తకంలో మొదటి కొట్టివేత అది.

మేలో కరీంనగర్ వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళి ఆరు రోజులు ఏమీ చేయలేదు. వచ్చాక గోడ వైపు చూడటానికే భయమేసిందట, నాకు ఫోన్ చేసి "అంతా పాడైంది మేడమ్" అంది. సాధారణంగా మనుషులు పూర్తిగా వదిలేసేది ఇలాంటి చోటే, చేయని ఆరు రోజుల వల్ల కాదు, ఏడో రోజు సిగ్గు వల్ల. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన పని 2010లో వచ్చింది. ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది, కానీ మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒకసారి తప్పితే అలవాటు ఏర్పడటం పెద్దగా దెబ్బతినలేదు. 21 రోజుల్లో అలవాటు అయిపోతుందని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మి 22వ రోజు తమను తాము తిట్టుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. అక్కకి ఈ లెక్కలేవీ చెప్పలేదు. "ఇప్పుడే కొలిచి చెప్పండి, నేను లైన్లో ఉంటా" అన్నాను. అర ఇంచు తగ్గింది, అంతే. "గింతేనా" అంది, ఆ గొంతులో తేలిక ఇప్పటికీ గుర్తుంది.

మంచం కింద సంచి

భుజం కన్నా ఇది కష్టమైంది. పద్నాలుగు పీసులు, పద్నాలుగు మంది. సంచి తీస్తేనే గుండె దడ అని చెప్పింది. అన్నిటినీ ఒకేసారి పూర్తి చేయాలని అనుకోవడం వల్లే ఒక్కటీ ముట్టుకోలేకపోతోంది. అందులో అందరికన్నా మెత్తని మనిషి ఎవరని అడిగాను. పద్మారావునగర్ టీచరమ్మ అంది. ముందు ఆవిడకే ఫోన్, మిగతా వాళ్ళ సంగతి తర్వాత. టీచరమ్మ తిట్టలేదు, చేయి ఎలా ఉందని అడిగింది. ఇద్దరు మాత్రం గట్టిగానే అన్నారు, ముగ్గురు పీసులు వెనక్కి తీసుకెళ్ళారు. ఆ రోజు ఆమె ఏడ్చింది, కానీ సంచిలో పదకొండే మిగిలాయి, ఆ మర్నాడు పొద్దున ఒకటి కటింగ్ చేసింది.

పనిని ఆమె చేతికి అందేలా కూడా మార్చాం. నిలబడి ఎత్తు టేబుల్ మీద చేసే కటింగ్‌ని నడుము ఎత్తుకి దించాం, ఇస్త్రీ కూడా అంతే. కొలతలు తీసేటప్పుడు వీపు వైపు టేపు పట్టడానికి పక్కింటి ఇంటర్ అమ్మాయి వచ్చేది, ఆ అమ్మాయికి బదులుగా ఫాల్, పికో నేర్పించింది. నేర్పించడం మొదలయ్యాక అక్కలో వచ్చిన మార్పు నేను ఊహించలేదు. గొంతు పెరిగింది. "గట్ల కాదు బిడ్డా, దారం లూజ్ పెట్టు" అని ఫోన్లో నాతో మాట్లాడుతూనే అటు అరిచేది. ఆషాఢంలో బోనాల చీరల మీదికి, తర్వాత శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం బ్లౌజులు. జూలైకి రోజుకు మూడు కుడుతోంది.

లెక్కలు

సెప్టెంబరులో కొలిస్తే చేయి ముందు నుంచి పైకి 145 డిగ్రీలు, పక్క నుంచి 130, బయటికి తిప్పడం 50. నొప్పి పదికి 1, రాత్రి ఒక్కోసారి 2. చేయి వెనక్కి పెడితే బొటనవేలు నడుము దాకా వస్తోంది, పూర్తిగా రాలేదు. గోడ మీద గీత 70 ఇంచులు. హెచ్‌బీఏ1సీ 7.6. బ్లౌజులు రోజుకు నాలుగు, ఐదో దానికి తానే వద్దనుకుంది.

ఇదంతా చాక్ గీత వల్లే అని నేను అనను. ఇంజెక్షన్ ఉంది, షుగర్ అదుపు ఉంది, ఈ జబ్బు కాలంతో పాటు మెల్లగా వదిలే గుణమూ ఉంది. ఒక్క కేసుతో ఏ వైద్యమూ రుజువు కాదు. నేను ఖచ్చితంగా చెప్పగలిగింది ఆమె చేసిన రోజుల గురించి: మొదటి మూడు వారాల్లో నిజంగా చేసింది నాలుగు రోజులేనని తర్వాత తనే చెప్పింది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికి ఐదారు రోజులు చేసింది. మనిషి అదే, భుజం అదే. మారింది ఆమె సంకల్పం కాదు, చేసింది తన కంటికి కనబడటం, తన లెక్కలో, తన పుస్తకంలో ఉండటం. చేయాలనిపించాక చేద్దామని కూర్చుంటే ఆమెకు ఎప్పటికీ అనిపించేది కాదు. 55 అని రాసిన రోజు అనిపించింది.

ఆగస్టులో ఒకరోజు క్లినిక్‌కి వస్తూనే చెప్పింది. జీరో టికెట్ తీసుకుని బస్సెక్కి, సీటు దొరక్క, ఎప్పటిలా ఎడమ చేత్తో పై రాడ్డు పట్టుకోబోయి కుడి చేత్తో పట్టుకుందట. చిలకలగూడ దాటేదాకా తనకే తెలియలేదంది.

ఇప్పుడు నేను ఎవరికీ ప్రింటు కాగితం ఇవ్వను. ముందు వాళ్ళు రోజూ వాడే కొలత ఏదో కనుక్కుంటాను. తాపీ మేస్త్రీకి మోకాలి ఆపరేషన్ అయితే ఎన్ని ఇటుకల ఎత్తు మెట్టు ఎక్కగలడో చూస్తాను. వంట చేసే ఆవిడైతే ఏ అర దాకా చేయి అందుతుందో చూస్తాను.

డిసెంబరులో అక్క మళ్ళీ వచ్చింది. ఎడమ భుజం. షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి రెండో వైపు కూడా వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను. ఈసారి నొప్పి మొదలైన రెండో వారానికే వచ్చేసింది. నేను గోనియోమీటర్ తీసేలోపే సంచిలోంచి కొలతల పుస్తకం తీసింది. కొత్త పేజీ, పైన 'ఎడమ' అని రాసి ఉంది, కింద తేదీ, 66 ఇంచులు. "లాగి కొలవలే మేడమ్" అంది.